వేటకు వెళ్లవచ్చా? – గాలి బరువు చెప్పే కబురు



మీ ఊరి అంగడిలో ఎండు చేపల గంపల ముందు ఎప్పుడైనా ఆగి చూశారా? చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతాల పిల్లలకు చెరువు చేప కొత్త కాదు. చెరువు నిండిన ఏడు రవ్వలు, బొచ్చెలు, కొర్రమట్టలు వలలో ఎగిరిపడుతుంటే గట్టు మీద నిలబడి చూసే ఉంటారు. కాని అంగడి గంపలోని ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు మన చెరువువి కావు. అవి సముద్రం నుంచి వచ్చినవి. వాటిని పట్టినవారు మనకు వందల కిలోమీటర్ల దూరంలో, తీరపు పట్నంలో ఉంటారు.

చెరువులో వేటకు దిగేవాడు గట్టును చూస్తూనే ఉంటాడు. మబ్బు కమ్మితే నాలుగు తెడ్లు వేసి ఒడ్డుకు చేరతాడు. సముద్రం మీదికి వెళ్లినవాడికి గట్టు కనబడదు. గాలి తిరగబడితే ఒడ్డు చేరడానికి గంటలు పట్టవచ్చు, అసలు చేరకపోనూవచ్చు. అందుచేత చేపల రేవులో ప్రతి తెల్లవారుజామునా ఒకే ప్రశ్న: "ఇవాళ వేటకు వెళ్లవచ్చా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే శాస్త్రాన్ని గురించి ఈ నెల తెలుసుకుందాం. మీరు తరగతిలో చదివిన "వాతావరణ పీడనం" పాఠమే అది. పరీక్షలో రెండు మార్కులు తెచ్చే ఆ పాఠం రేవులో ప్రాణాలు నిలబెడుతుంది. ఒక్కొక్కప్పుడు తెలిసి కూడా నిలబెట్టలేకపోతుంది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మన బందరు

ముందుగా ఒక పాత రేవుకు వెళ్దాం. మొయినాబాదు నుంచి పటం మీద నేరుగా గీత గీస్తే ఆగ్నేయ దిశలో సుమారు 330 కిలోమీటర్ల దూరాన మచిలీపట్నం ఉంది. ఆ ఊరికే బందరు అని పేరు. బందరు అంటే పారశీక భాషలో రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో వారి ప్రధాన రేవు ఇదే. మన పక్కనున్న గోల్కొండ కోట నుంచి బందరు దాకా బళ్లు నడిచే బాట ఉండేది. ఇక్కడి కలంకారీ బట్టలు ఓడలెక్కి పారశీకానికీ, ఐరోపాకూ వెళ్లేవి. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో ఆంగ్లేయులు వచ్చారు.

ఓడల వర్తకం తరువాత తగ్గిపోయింది. అందుకొక కారణం ఇక్కడి సముద్రం లోతు లేకపోవడం. కృష్ణానది తెచ్చి పోసిన ఒండ్రుతో తీరం దగ్గర నీరు చాలా దూరం వరకు పల్చగానే ఉంటుంది. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేసుకునేవి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

పెద్ద ఓడలు తగ్గినా వేట ఆగలేదు. ఊరి పక్కనే ఉన్న గిలకలదిండి రేవు నుంచి మర పడవలు, ఫైబరు పడవలు ఈనాటికీ సముద్రం మీదికి వెళ్తున్నాయి. పడవ నడిపే సరంగు, వల లాగే కళాసీలు, ఒడ్డున చేపను ఏరి అమ్మే ఆడవారు, మిగిలిన చేపను ఎండబెట్టేవారు, వలలు కుట్టేవారు, మంచు గడ్డలు మోసేవారు – అందరి కూడూ పడవ మీదే ఆధారపడి ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట ఆపుతారు. ఆ రోజులకు ప్రభుత్వం భృతి ఇస్తోంది. మిగిలిన కాలంలో మాత్రం వేటకు వెళ్లిన రోజే కూలి. సముద్రం బాగాలేని రోజు చేతిలో పైసా ఆడదు.

కనుక "వెళ్లవచ్చా?" అనే ప్రశ్నకు రెండు వైపులా భయమే. వెళ్తే గాలివాన భయం, వెళ్లకపోతే ఆకలి భయం.

గాలికి బరువుందా?

గాలి కంటికి కనబడదు. అయినా దానికి బరువుంది. మన తలమీద కొన్ని పదుల కిలోమీటర్ల ఎత్తు వరకు గాలి పేర్చినట్లు ఉన్నది. ఆ గాలి బరువు వల్ల కలిగే ఒత్తిడినే వాతావరణ పీడనం అంటాం. సముద్ర మట్టంలో ఒక చదరపు సెంటీమీటరు మీద ఈ బరువు సుమారు ఒక కిలో ఉంటుంది. మీ అరచేయి వంద చదరపు సెంటీమీటర్లనుకుంటే దాని మీద వంద కిలోల బరువు! మరి చేయి ఎందుకు కిందకు పోదు? గాలి పైనుంచే కాక కిందనుంచీ, పక్కలనుంచీ అంతే బలంతో ఒత్తుతుంది గనుక.

1643లో ఇటలీ శాస్త్రవేత్త టారిసెల్లి ఈ ఒత్తిడిని కొలిచే ఉపాయం కనిపెట్టాడు. ఒక చివర మూసిన గాజు గొట్టాన్ని పాదరసంతో నింపి, పాదరసం ఉన్న తొట్టిలో బోర్లిస్తే, గొట్టంలోని పాదరసం పూర్తిగా దిగిపోదు. సముద్ర మట్టంలో సుమారు 760 మిల్లీమీటర్ల ఎత్తున నిలబడుతుంది. తొట్టిలోని పాదరసం మీద ఒత్తే గాలి దానిని అలా నిలబెడుతుంది. ఇదే భారమితి. ఈ 760 మిల్లీమీటర్లనే ఈనాటి కొలతలో 1013 హెక్టాపాస్కల్‌లు అంటారు. పాత పుస్తకాలలో దీనినే మిల్లీబారు అని రాసేవారు. పేరు మారినా విలువ ఒకటే.

గాలి పీడనం ఒక చోట ఎక్కువ, దాని పక్క చోట తక్కువ అయితే ఏమవుతుంది? ఎక్కువ ఉన్న చోటునుంచి తక్కువ ఉన్న చోటికి గాలి తోసుకొస్తుంది. తేడా ఎంత ఎక్కువైతే గాలి అంత ఉరుకుతుంది. అల్పపీడనం అని రేడియోలో వింటారే, అదే ఈ తక్కువ పీడనమున్న చోటు. అది బలపడితే వాయుగుండం, ఇంకా బలపడితే తుపాను. భూమి తిరుగుతూ ఉండటం వల్ల గాలి నేరుగా కేంద్రానికి పోకుండా పక్కకు ఒరిగి, సుడి తిరుగుతుంది. మన ఉత్తరార్ధగోళంలో ఆ సుడి గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది.

తుపాను ఇంకా దూరాన ఉండగానే, మన నెత్తిమీద ఆకాశం తేటగా కనబడుతూ ఉండగానే, పీడనం పడిపోవడం మొదలుకావచ్చు. కంటికంటే ముందు గాజు గొట్టానికి తెలుస్తుందన్నమాట. ఇదే భారమితి గొప్పతనం.

స్కాట్లండు రేవులో ఒక శుక్రవారం

ఈ గొప్పతనాన్ని గుర్తించి చేపల రేవులలో భారమితులు పెట్టించినవాడు ఇంగ్లండుకు చెందిన ఫిట్జ్‌రాయ్. ఇతడు నౌకాధిపతి. డార్విను ప్రపంచ యాత్ర చేసిన బీగిల్ నౌకను నడిపినవాడు ఇతడే. 1859 అక్టోబరులో వచ్చిన పెద్ద గాలివానలో రాయల్ చార్టర్ అనే ఓడ పగిలి వందల మంది మునిగిపోయారు. ఆ తరువాత 1861లో ఫిట్జ్‌రాయ్ తంతి తపాలా ద్వారా రేవులకు గాలివాన హెచ్చరికలు పంపే ఏర్పాటు ప్రారంభించాడు. భారమితి కొనలేని పేద జాలరుల రేవులకు ప్రభుత్వం తరఫున వాటిని ఇప్పించాడు. ఒడ్డున అందరికీ కనబడే చోట గోడకు అమర్చిన భారమితిని చూసి జాలరులు పడవ తీసేవారు.

స్కాట్లండు ఆగ్నేయ తీరంలో, ఇంగ్లండు సరిహద్దుకు దగ్గరగా ఐమౌత్ అనే పాత చేపల పట్నం ఉంది. బందరు లాగే అక్కడా ఊరంతటికీ పడవే ఆధారం. మగవారు సముద్రం మీదికి వెళ్తే, ఆడవారు, పిల్లలు ఆలుచిప్పలు ఏరి తెచ్చి, వాటి మాంసాన్ని వందల కొద్దీ గాలాలకు ఒక్కొక్కటిగా ఎరగా గుచ్చేవారు. రేవు వాకిలి ఇరుకు. వాకిలి ముందే హర్కర్స్ అనే బండలు.

1881 అక్టోబరు. కొన్ని రోజులుగా వాతావరణం బాగాలేక పడవలు కదలలేదు. గుచ్చిన ఎర పాడవుతోంది. ఇళ్లలో డబ్బు లేదు. బజారులో చేప ధర మాత్రం బాగుంది. అక్టోబరు 14, శుక్రవారం తెల్లవారింది. ఆకాశం నిర్మలంగా ఉంది, సముద్రం నిశ్చలంగా ఉంది. కాని రేవులోని భారమితిలో పాదరసం బాగా కిందికి దిగి ఉంది.

వారు భారమితిని చూడలేదా? చూశారు. ముందు కొంత తటపటాయించారు కూడా. కాని కళ్లముందు నిర్మలమైన ఆకాశం, ఇంట్లో ఖాళీ కుండ. ఒక పడవ కదిలింది, తక్కినవి వెంట కదిలాయి. మధ్యాహ్నానికి ఒక్కసారిగా చీకటి కమ్మి పెనుగాలి విరుచుకుపడింది. ఎలాగో రేవు దాకా తిరిగి వచ్చిన పడవలలో కొన్ని వాకిలి ముందున్న బండలకు కొట్టుకుని పగిలాయి. ఒడ్డున నిలబడ్డ భార్యాబిడ్డలు చూస్తూ ఉండగానే మునిగిపోయాయి. ఆ రోజు ఆ తీరంలో 189 మంది జాలరులు చనిపోయారు. వారిలో 129 మంది ఒక్క ఐమౌత్ ఊరివారే.

చూశారా! పరికరం తప్పు చెప్పలేదు. చూసినవారు చదువురానివారై మోసపోలేదు. ఒక రోజు ఇంట్లో కూర్చునే స్తోమత లేకపోయింది. నూరేళ్ల తరువాత, 1981లో, ఆ ఊరి ఆడవారు ఆ పడవలను, పోయినవారిని తలచుకుంటూ పెద్ద బుట్టాపని తెర ఒకటి కుట్టారు. ఐమౌత్ ప్రదర్శనశాలలో దానిని ఇప్పటికీ చూడవచ్చు.

బంగాళాఖాతం మాట

మళ్లీ మన తీరానికి వద్దాం. ఐమౌత్ విషాదానికి 17 ఏళ్ల ముందు, 1864 నవంబరు 1 రాత్రి, బందరు మీద తుపాను పడింది. సముద్రం ఊరిలోకి వచ్చింది. సుమారు 30,000 మంది ప్రాణాలు పోయాయి. వారికి ముందుగా చెప్పేవారే లేరు. అదే సంవత్సరం అక్టోబరు 5న కలకత్తాను కూడా ఘోరమైన తుపాను ముంచింది. ఈ దెబ్బలతో మరుసటి ఏడు కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఈనాడు రేవులలో ఎగరవేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉన్నాయి. అంకె పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. చివరిదైన 11వ నంబరుకు అర్థం వేరు: హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

సముద్రం ఊరిలోకి ఎలా వస్తుంది? దీనినే ఉప్పెన అంటాం. లెక్క వేసి చూద్దాం. తుపాను కేంద్రంలో గాలి ఒత్తిడి తక్కువ గనుక అక్కడ నీరు కొంచెం పైకి ఉబుకుతుంది. ఒక హెక్టాపాస్కల్ తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. కేంద్రంలో 60 హెక్టాపాస్కల్‌లు తగ్గాయనుకోండి, నీరు 60 సెంటీమీటర్లు లేస్తుంది. అంటే నడుము ఎత్తు కూడా కాదు. కాని 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు! తక్కిన ఎత్తు ఎక్కడిది?

గాలి తోసిన నీరు అది. లోతైన సముద్రంలో గాలి తోసిన నీరు అడుగునుంచి వెనక్కి పోగలదు. లోతు లేని చోట వెనక్కి పోయే దారి లేక ఒడ్డు మీదికి ఎక్కుతుంది. పెద్ద ఓడలను బందరు ఒడ్డుకు రానివ్వని ఆ పల్చని నీరే తుపాను నాడు ఊరిమీదికి వస్తుందన్నమాట. పోటు సమయం కూడా కలిస్తే ఇక చెప్పనక్కరలేదు. దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. ఆ తరువాతే మన తీరం పొడవునా తుపాను రక్షణ భవనాలు విరివిగా కట్టారు.

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తుపాను తీరం దాటింది. చనిపోయినవారు, గల్లంతైనవారు వేయికి పైబడ్డారు. వారిలో వందల మంది అప్పటికే వేటలో ఉన్న మత్స్యకారులు. ఒడ్డున ఎన్ని హెచ్చరికలు మోగినా, ముందే సముద్రం మీదికి వెళ్లినవాడి చెవికి చేరకపోతే ఏం లాభం?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద తీరం దాటింది. గంటకు 170–180 కిలోమీటర్ల గాలి. కేంద్రంలో పీడనం సుమారు 950 హెక్టాపాస్కల్‌లు. నగరంలో చెట్లు, స్తంభాలు, కప్పులు ఎగిరిపోయాయి. కాని ఉపగ్రహాలు, రాడార్లు ఆ తుపానును రోజుల ముందు నుంచి వెంటాడాయి. పడవలను ముందే వెనక్కి పిలిచారు, లోతట్టు జనాన్ని ముందే తరలించారు. ప్రాణనష్టం పదులతో ఆగింది. 1864లో 30,000, 2014లో పదులు. ఈ తేడాలో శాస్త్రం ఉంది, దానిని సమయానికి జనం చెవిన వేసిన ఏర్పాటు ఉంది.

ఒక చిక్కు ప్రశ్న

ఇప్పుడు మీకొక ప్రశ్న. మొయినాబాదుకు రెండు పక్కలా రెండు జలాశయాలున్నాయి గదా! మూసీ మీద గండిపేట, అనగా ఉస్మాన్‌సాగర్. ఈసీ మీద హిమాయత్‌సాగర్. ఉస్మాన్‌సాగర్ నిండినప్పటి నీటి మట్టం సముద్ర మట్టానికి 1,790 అడుగుల ఎత్తు, అంటే సుమారు 545 మీటర్లు. గండిపేట కట్ట మీద మామూలు రోజున భారమితి పెట్టి చూస్తే పాదరసం 760 మిల్లీమీటర్లు ఉండదు. దాదాపు 712 మిల్లీమీటర్లే ఉంటుంది. హెక్టాపాస్కల్‌లలో చెబితే, సుమారు 950!

అదేమిటి? హుద్‌హుద్ తుపాను నడిబొడ్డున ఉన్న పీడనమే మన గండిపేట కట్ట మీద ప్రతిరోజూ ఉందా? మరి మనకు రోజూ తుపాను ఎందుకు లేదు?

చదవడం ఆపి కొంచెం ఆలోచించండి.

జవాబు ఇది. మనం ఎత్తున ఉన్నాం. మన కింద మిగిలిపోయిన 545 మీటర్ల గాలి మందం బరువు మన మీద పడదు. అందుకే పీడనం తక్కువ. మన చుట్టుపక్కల అదే ఎత్తున ఉన్న ఊళ్లన్నిటిలోనూ దాదాపు అంతే పీడనం. తేడా లేదు గనుక పెనుగాలి లేదు. హుద్‌హుద్ నాడు విశాఖలో 950 ఉంటే, అదే సముద్ర మట్టంలో కొన్ని వందల కిలోమీటర్ల అవతల 1010 దాకా ఉంది. ఆ తేడాయే గాలిని ఉరికించింది. కాబట్టి గాలివానను తెచ్చేది అంకె కాదు, అంకెల మధ్య తేడా. అందుకే వాతావరణ శాఖవారు ప్రతి ఊరి కొలతనూ ముందు సముద్ర మట్టపు కొలతగా మార్చి, ఆ తరువాతే పటంలో పక్కపక్కన పెట్టి పోలుస్తారు.

మనకు ఈ గొడవ దేనికి?

"మేము తీరంలో లేము గదా, తుపాను సంగతి మాకెందుకు?" అంటారేమో. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర ఒక తీవ్ర వాయుగుండం తీరం దాటింది. కాకినాడ నుంచి హైదరాబాదు నేరుగా 400 కిలోమీటర్లు. ఆ రోజే అది తెలంగాణ మీదికి వచ్చి కుండపోత వాన కురిపించింది. ఆ రాత్రి హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చింది. హైదరాబాదులో ఎన్నో బస్తీలు మునిగాయి, మనుషులు కొట్టుకుపోయారు. తెల్లవారుజామున కాకినాడ రేవులో పడవలను కట్టేయించిన వాయుగుండమే రాత్రికి మన జలాశయపు గేట్లు ఎత్తించింది.

అసలు ఆ రెండు జలాశయాలు పుట్టిందే వరద భయంతో. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాది మంది చనిపోయారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి పరిశీలించి, ఎగువన వరద నీటిని ఆపే జలాశయాలు కట్టాలని సలహా ఇచ్చారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

ఇంకొక సంగతి. సముద్రం లేని హైదరాబాదులో, ప్రగతినగర్‌లో, సముద్ర సమాచారం ఇచ్చే జాతీయ కేంద్రం ఒకటి ఉంది. దాని పేరు ఇన్‌కాయిస్. 1999లో ఏర్పడింది. ఏ చోట అలలు ఎంత ఎత్తు లేస్తాయో, ఏ చోట చేపలు దొరికే అవకాశముందో అక్కడినుంచే దేశంలోని మత్స్యకారులకు కబురు వెళ్తుంది. సునామీ హెచ్చరికా అక్కడినుంచే. గిలకలదిండి సరంగు చేతి ఫోనులో చూసుకునే అలల లెక్క మన పక్క ఊరిలో తయారవుతోందంటే ఆశ్చర్యంగా లేదూ?

మీరే చేసి చూడండి

ఒక వెడల్పు మూతి గాజు సీసా తీసుకోండి. బెలూనును కత్తిరించి సీసా మూతికి బిగుతుగా సాగదీసి, గాలి పోకుండా దారంతో కట్టండి. ఆ రబ్బరు మధ్యలో తేలికైన చీపురుపుల్ల చివర అతికించండి. పుల్ల సీసా అంచు మీద ఆనుకుని బయటికి సాగాలి. దాని కొనకు ఎదురుగా గీతలు గీసిన కాగితం నిలబెట్టండి. బయట పీడనం తగ్గితే సీసాలోని గాలి రబ్బరును పైకి ఉబ్బిస్తుంది, పుల్ల కొన కిందికి దిగుతుంది. పీడనం పెరిగితే కొన పైకి లేస్తుంది.

కాని తొందరపడి "తుపాను వచ్చేస్తోంది!" అని కేకలు వేయకండి. రెండు మోసాలున్నాయి.

మొదటిది వేడి. లోపలి గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినా, బయట పీడనం 3 హెక్టాపాస్కల్‌లు పడిపోయినంత పని చేస్తుంది. అప్పుడు మీ భారమితి ఉష్ణమాపకం అయిపోతుంది. అందుకని సీసాను ఇసుక కుండలో మెడ దాకా పాతి, ఎండ తగలని చల్లని మూల ఉంచండి. పక్కన ఉష్ణమాపకం పెట్టి, వేడి ఒకేలా ఉన్న రోజుల గీతలనే పోల్చండి.

రెండవది రోజువారీ పోటుపాట్లు. సముద్రానికి ఉన్నట్లే మన వంటి ఉష్ణ దేశాలలో గాలికీ పోటూ పాటూ ఉన్నాయి. ఉదయం 10 గంటల ప్రాంతంలో పీడనం ఎక్కువగా ఉండి, సాయంత్రం 4 గంటలకు మూడు నాలుగు హెక్టాపాస్కల్‌లు తగ్గుతుంది. రాత్రి 10కి మళ్లీ పెరిగి, తెల్లవారుజామున 4కి మళ్లీ తగ్గుతుంది. ఇది ప్రతిరోజూ జరిగేదే, దీనికి భయపడనక్కరలేదు. కాబట్టి ఇవాళ ఉదయం 10 గంటల కొలతను నిన్న ఉదయం 10 గంటల కొలతతోనే పోల్చాలి. ఆ పోలికలో రోజురోజుకూ తగ్గుతూ వస్తే, అప్పుడు ఆలోచించాలి.

ఇక పరికరం అక్కరలేని ఉపాయం ఒకటి. 1857లో డచ్చి శాస్త్రవేత్త బైస్ బ్యాలట్ దీనిని సూత్రంగా చెప్పాడు. గాలికి వీపు పెట్టి నిలబడండి. ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. బందరు ఒడ్డున ఈశాన్య గాలి బలంగా వీస్తోందనుకోండి. వీపు పెట్టి నిలబడితే ముఖం నైరుతికి, ఎడమ చేయి ఆగ్నేయానికి. ఆగ్నేయాన ఉన్నది బంగాళాఖాతమే గదా! అల్పపీడనం అక్కడ ఉందన్నమాట.

చివరి మాట

ఇవాళ్టి మత్స్యకారుడికి ఉపగ్రహం ఉంది, రాడారు ఉంది, చేతిలో ఫోను ఉంది. ఐమౌత్ జాలరికి ఒక గాజు గొట్టమే ఉండేది. అయినా వారిద్దరి ముందూ నిలిచే ప్రశ్న మారలేదు. హెచ్చరిక నిజమని తెలిసినా, రేపటి బియ్యం లేనివాడు పడవ తీయక మానడు. కనుక పీడనాన్ని కొలవడం ఎంత అవసరమో, వేట ఆగిన రోజున ఆ ఇంట పొయ్యి వెలిగేలా చూడటమూ అంత అవసరం. మొదటి పని శాస్త్రవేత్తలది. రెండవ పని మనందరిది.

ఈసారి అంగడిలో ఎండు నెత్తళ్ల గంప కనబడితే ఒక్క క్షణం ఆగండి. ఆ చేపను పట్టిన రోజు తెల్లవారుజామున ఎవరో ఒకరు ఆకాశం వైపు చూసి, "ఇవాళ వెళ్లవచ్చా?" అని అడిగే ఉంటారు.

ఆలోచించండి:

1. అనంతగిరి కొండల మీదికి భారమితిని తీసుకుపోతే పాదరసం పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు?

2. పాదరసానికి బదులు నీటితో భారమితి చేయాలంటే గొట్టం ఎంత పొడవుండాలి? (పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు.)

3. లోతైన తీరమున్న రేవులో, లోతు లేని రేవులో ఒకే బలమున్న తుపాను పడితే ఉప్పెన ఎక్కడ ఎక్కువ? ఎందుకు?